చిన్న ఎగుమతిదారుకు ప్రభుత్వ సాయం: ఏ కాగితం ముందు, ఏది తర్వాత

"ఎగుమతి చేస్తే ప్రభుత్వం ఇచ్చే డబ్బుకి ఎక్కడ దరఖాస్తు పెట్టుకోవాలి?" అని చాలామంది అడుగుతున్నారు. చిక్కంతా ఆ ప్రశ్నలోనే ఉంది. డ్యూటీ డ్రాబ్యాక్‌కీ (ముడిసరుకు మీద పడిన సుంకం వాపసు), రోడ్‌టెప్‌కీ (వేరే దారిలో వెనక్కి రాని పన్నుల వాపసు), కట్టిన ఐజీఎస్టీ (రాష్ట్రమో దేశమో దాటే సరుకు మీద జీఎస్టీ) వెనక్కి రావడానికీ విడిగా ఫారమంటూ లేదు. సరుకు దేశం దాటేటప్పుడు కస్టమ్స్‌లో వేసే షిప్పింగ్ బిల్లే దరఖాస్తు. అందులో ఒక గడి ఖాళీగా వదిలేస్తే ఆ సాయం చేజారినట్టే. తర్వాత ఎన్ని ఆఫీసుల చుట్టూ తిరిగినా రాబట్టుకోవడం కష్టం.

అందుకే ఇక్కడ పథకాల పేర్లు ఏకరువు పెట్టడం లేదు, పని జరిగే వరుసలోనే వెళదాం. ఉదాహరణకి కారం పొడిని తీసుకున్నాం. మీ సరుకు వేరైనా వరుస ఇదే. సేవల ఎగుమతి దారి వేరు, దాని జోలికి పోవడం లేదు.

## 1. ముందు సరుకు కోడ్ తేల్చుకోండి

ప్రతి సరుకుకీ ఎనిమిది అంకెల హెచ్‌ఎస్ కోడ్ ఉంటుంది. కారం పొడిది 09042211. ఎండు మిర్చి కాయగా పంపితే కోడ్ మారిపోతుంది. జీఎస్టీ రేటు, డ్రాబ్యాక్, రోడ్‌టెప్, అవతలి దేశంలో పడే సుంకం అన్నీ దీని మీదే ఆధారపడతాయి.

విదేశీ కొనుగోలుదారు పంపిన కోడ్‌ని యథాతథంగా ఎక్కించడం ఇక్కడ తరచూ జరిగే పొరపాటు. మొదటి ఆరు అంకెలే ప్రపంచమంతటా ఒకటి. మిగిలినవి ఏ దేశానివి ఆ దేశానివే. ఆరు అంకెలు సరిపోలాయో చూసుకుని, చివరి రెండూ మన టారిఫ్ నుంచే తీసుకోండి.

కోడ్ తేలాక మూడు సంగతులు రాసి పెట్టుకోండి:

- ఎగుమతి విధానంలో ఆ సరుకు స్వేచ్ఛగా పంపదగినదా, ఆంక్షలున్నదా, నిషిద్ధమా
- డ్రాబ్యాక్ షెడ్యూల్లో దాని వరుస సంఖ్య, రేటు, గరిష్ఠ పరిమితి
- రోడ్‌టెప్ పట్టికలో రేటు, కిలోకో యూనిట్‌కో ఉన్న పరిమితి

రేట్లు మధ్యమధ్యలో మారుతుంటాయి. కస్టమ్స్ వాళ్ళు సరుకు ఎక్కించడానికి అనుమతి, అంటే లెట్ ఎక్స్‌పోర్ట్ ఆర్డర్, ఇచ్చిన రోజున ఉన్న రేటే వర్తిస్తుంది. ధర చెప్పిన రోజు రేటు చూసుకుని లాభం లెక్కేసుకుంటే దెబ్బతింటారు. నన్నడిగితే ఈ రాయితీల్ని ధరలో కలపకండి, వస్తే పైన వచ్చినట్టు అనుకోండి.

## 2. రిజిస్ట్రేషన్లు, ఈ వరుసలోనే

కరెంట్ ఖాతా. విదేశీ మారకం వ్యవహారాలు చూసే బ్రాంచిలో తీసుకోండి. వీధి చివరి బ్రాంచి దగ్గరే గానీ, ఎగుమతి బిల్లు ఎప్పుడూ ముట్టుకోని మేనేజరైతే ప్రతి కాగితానికీ వారం పడుతుంది.

ఉద్యమ్ నమోదు, అంటే చిన్న పరిశ్రమగా గుర్తింపు. ఉచితం, ఆధార్‌తో ఆన్‌లైన్‌లో అయిపోతుంది. ఎవరైనా ఫీజు అడిగితే అది ప్రభుత్వానిది కాదు. సంస్థ సూక్ష్మమా, చిన్నదా, మధ్యస్థమా అని తేల్చేటప్పుడు ఎగుమతి టర్నోవర్‌ని లెక్కలోంచి తీసేస్తారు. ఎగుమతి పెరిగితే చిన్న పరిశ్రమ హోదా పోతుందేమోనని భయపడనక్కర్లేదు.

జీఎస్టీ, తర్వాత ఐఈసీ. ఐఈసీని, అంటే ఎగుమతి దిగుమతి కోడ్‌ని, డీజీఎఫ్‌టీ (విదేశీ వాణిజ్య డైరెక్టరేట్) పోర్టల్లో తీసుకోవాలి. ఫీజు 500 రూపాయలు. పాన్ నంబరే ఐఈసీ నంబరు అవుతుంది. పేరు అచ్చయిన క్యాన్సిల్డ్ చెక్కు, చిరునామా రుజువు, ఆధార్ లేదా డిజిటల్ సంతకం దగ్గర పెట్టుకుని కూర్చుంటే ఒక్క పూట పని.

ఎగుమతి మండలి సభ్యత్వం, అంటే ఆర్‌సీఎంసీ. సుగంధ ద్రవ్యాలకి స్పైసెస్ బోర్డు, బియ్యం, పండ్లు, శుద్ధి చేసిన ఆహారానికి అపెడా, రొయ్యలు చేపలకి ఎంపెడా, మందులకి హైదరాబాద్‌లో ఉన్న ఫార్మెక్సిల్, హస్తకళలకి ఈపీసీహెచ్. రకరకాల సరుకులు పంపేవాళ్ళకి ఫియో. డ్రాబ్యాక్‌కీ జీఎస్టీ రీఫండ్‌కీ దీన్ని అడగరు. విదేశీ వాణిజ్య విధానం కింద తీసుకునే లైసెన్సులకీ, విదేశీ ప్రదర్శనల సాయానికీ అడుగుతారు. మన ఉదాహరణలో మాత్రం ఇది మొదటి రోజునుంచే కావాలి. స్పైసెస్ బోర్డు నమోదు లేకుండా కారం పొడి కదలదు.

కారం పొడి వాళ్ళకి ఇంకో మాట. సూడాన్ రంగులు (నిషిద్ధ కృత్రిమ రంగులు), అఫ్లాటాక్సిన్ (బూజు విషం) పరీక్షల దగ్గరే సరుకు ఎక్కువగా ఆగుతుంది. బోర్డు ల్యాబ్ గుంటూరులోనే ఉంది. కంటైనర్ బుక్ చేశాక కాదు, ప్యాకింగ్‌కి ముందే మీ అంతట మీరు ఒక నమూనా పరీక్ష చేయించుకోండి.

ఏడీ కోడ్. ఇది బ్యాంకు ఇచ్చే 14 అంకెల సంఖ్య. నిర్ణీత నమూనాలో లెటర్ తీసుకుని కస్టమ్స్ పోర్టల్ ఐస్‌గేట్‌లో నమోదు చేయాలి. మీ సరుకు వెళ్ళే పోర్టుకి అది నమోదై ఉందో లేదో విడిగా చూసుకోండి. విశాఖ ఓడరేవు కోడ్ ఐఎన్‌వీటీజెడ్1, హైదరాబాద్ విమానాశ్రయం ఐఎన్‌హెచ్‌వైడీ4. విశాఖకి నమోదు చేసి, ఆఖరి నిమిషంలో సరుకుని చెన్నైకి మళ్ళిస్తే షిప్పింగ్ బిల్ పడదు, కంటైనర్ అద్దె మాత్రం పడుతుంది.

ఏడీ కోడ్‌తో పాటే, డ్రాబ్యాక్, ఐజీఎస్టీ డబ్బులు పడాల్సిన ఖాతాని కూడా ఐస్‌గేట్‌లో నమోదు చేయాలి. ఇవి రెండు వేర్వేరు నమోదులు. మొదటిది చేసి రెండోది మర్చిపోయేవాళ్ళే ఎక్కువ. సరుకు వెళ్ళిపోతుంది, డబ్బు జాడ ఉండదు.

అన్నిచోట్లా పేరు ఒకేలా ఉండాలి. పాన్‌లో "ట్రేడర్స్", బ్యాంకులో "ట్రేడింగ్ కంపెనీ" అని ఉంటే ఖాతా ధ్రువీకరణ దగ్గర డబ్బు ఆగిపోతుంది. సొంతదారు వ్యాపారమైతే పాన్ మనిషి పేరు మీద, ఖాతా సంస్థ పేరు మీద ఉంటాయి కాబట్టి ఇంకాస్త జాగ్రత్త. మొదటి రవాణాకి ముందే ధ్రువీకరణ అయిందో లేదో చూడండి.

## 3. జీఎస్టీ: కట్టకుండా పంపాలా, కట్టి వెనక్కి తీసుకోవాలా

ఎగుమతి మీద పన్ను సున్నా. ఆ సున్నాకి రెండు దారులున్నాయి.

ఎల్‌యూటీ దారి. ఎల్‌యూటీ అంటే ఎగుమతి చేస్తామని ఇచ్చే హామీపత్రం. జీఎస్టీ పోర్టల్లో ఆర్‌ఎఫ్‌డీ-11 ఫారం వేసి, పన్ను కట్టకుండానే పంపుతారు. ఇద్దరు సాక్షుల పేర్లు, చిరునామాలు కావాలి. ఆర్థిక సంవత్సరం మారగానే కొత్తది వేయాలి. కొనుగోళ్ళ మీద కట్టిన పన్ను మిగిలితే ఆర్‌ఎఫ్‌డీ-01తో వెనక్కి అడగాలి.

ఐజీఎస్టీ దారి. పన్ను కట్టి పంపుతారు. వివరాలు సరిపోలితే విడి దరఖాస్తు లేకుండానే రీఫండ్ వస్తుంది.

కారం పొడి మీద 5 శాతం. పది లక్షల సరుకైతే 50 వేలు. రైతు దగ్గర నేరుగా మిర్చి కొనేవాళ్ళకి కొనుగోలు మీద పన్ను క్రెడిట్ (కొనేటప్పుడు కట్టి, తర్వాత సర్దుకునే పన్ను) పెద్దగా ఉండదు కాబట్టి ఆ 50 వేలూ చేతి డబ్బే, రీఫండ్ వచ్చేదాకా ఇరుక్కుంటుంది. వాళ్ళకి ఎల్‌యూటీయే మేలు.

కొత్త యంత్రం కొని దాని మీద క్రెడిట్ పేరుకుపోయినవాళ్ళ లెక్క వేరు. ఎల్‌యూటీ దారిలో రీఫండ్ సూత్రం యంత్రాల మీది క్రెడిట్‌ని లెక్కలోకి తీసుకోదు. ఐజీఎస్టీ దారిలోనైతే ఆ క్రెడిట్‌తోనే పన్ను కట్టి, డబ్బుగా వెనక్కి తెచ్చుకోవచ్చు. మీ ఆడిటర్‌ని అడగాల్సిన ప్రశ్న ఇదే.

ఎల్‌యూటీ మీద పంపే సరుకు ఇన్వాయిస్ తేదీ నుంచి మూడు నెలల్లో దేశం దాటాలి. లేకపోతే పన్ను, దాని మీద 18 శాతం వడ్డీ కట్టాలి. ఓడ ఆలస్యమయ్యేలా ఉంటే గడువు పొడిగించమని ముందే అడగండి. ఇన్వాయిస్‌ని తొందరపడి కొట్టకపోవడం ఇంకా సులువు.

## 4. షిప్పింగ్ బిల్: ఇక్కడ గంటసేపు కూర్చోండి

సీహెచ్‌ఏ, అంటే కస్టమ్స్ బ్రోకర్, బిల్లు దాఖలు చేసేముందు మీకు చెక్‌లిస్ట్ అని ఒక ముసాయిదా పంపుతాడు. చాలామంది ఫోన్లో చూసి "ఓకే" అని కొట్టేస్తారు. నెలల తరబడి రీఫండ్ ఆగిందంటే దాని మూలం తొంభై పాళ్ళు ఆ "ఓకే"లోనే దొరుకుతుంది. ముసాయిదాని ప్రింట్ తీసి, పక్కన ఇన్వాయిస్ పెట్టుకుని, పెన్సిల్‌తో ఒక్కొక్కటీ కొట్టుకుంటూ రండి:

- ఐఈసీ, జీఎస్టీ నంబరు, ఏడీ కోడ్
- ఇన్వాయిస్ నంబరు, తేదీ. జీఎస్టీ రిటర్నులో వేసే నంబరే, అక్షరం పొల్లుపోకుండా. 16 వేరు, 016 వేరు. అడ్డగీత వేరు, ఏటవాలు గీత వేరు
- ధర షరతు. సీఐఎఫ్ (ఓడ కిరాయి, బీమా కలిపిన ధర) అయితే ఆ రెండూ విడిగా చూపారా
- హెచ్‌ఎస్ కోడ్, పరిమాణం, కొలత యూనిట్
- స్కీమ్ కోడ్. డ్రాబ్యాక్‌కి 19. ఇక్కడ 00 పడితే మీరు డ్రాబ్యాక్ అడగలేదని అర్థం
- డ్రాబ్యాక్ వరుస సంఖ్య
- ప్రతి సరుకు వరుసకీ రోడ్‌టెప్‌వై అని ఉందా. రోడ్‌టెప్‌ఎన్ అని పడితే మీరే వద్దన్నట్టు
- ఐజీఎస్టీ స్థితి. ఎల్‌యూటీ అయితే ఎల్‌యూటీ, కట్టి ఉంటే పీ
- సరుకు పుట్టిన రాష్ట్రం, జిల్లా

ఓడ కిరాయి సంగతి ఎందుకంటే, డ్రాబ్యాక్, రోడ్‌టెప్ శాతాలని ఎఫ్‌ఓబీ విలువ, అంటే కిరాయి, బీమా తీసేసిన ధర, మీదే లెక్కిస్తారు. ధర సీఐఎఫ్‌లో చెప్పి, కిరాయిని ఊహించి ఎక్కువ వేస్తే మీ ఎఫ్‌ఓబీ తగ్గి రాయితీ కూడా తగ్గుతుంది. ఫార్వర్డర్ (రవాణా ఏజెంటు) ఇచ్చిన అసలు అంకె వేయించండి.

లెట్ ఎక్స్‌పోర్ట్ ఆర్డర్ అయ్యాక తప్పు కనబడితే కస్టమ్స్ చట్టం సెక్షన్ 149 కింద సవరణ అడగొచ్చు. అయితే ఎగుమతి నాటికే ఉన్న కాగితం ఆధారం చూపాలి. అంకె తప్పులు దిద్దించుకోవచ్చు. రాయితీ అడగడమే మర్చిపోతే మాత్రం పని చాలా కష్టం. రోడ్‌టెప్ మాట ఇన్వాయిస్ మీద కూడా ఒక వాక్యంగా అచ్చు వేయించేవాళ్ళున్నారు. ఖర్చులేని తెలివి అది.

## 5. సరుకు వెళ్ళాక: స్క్రోల్, స్క్రిప్, రీఫండ్

ఓడ వాళ్ళు ఈజీఎం, అంటే ఎక్స్‌పోర్ట్ జనరల్ మానిఫెస్ట్, వేస్తేనే సరుకు వెళ్ళినట్టు కస్టమ్స్ నమ్ముతుంది. డ్రాబ్యాక్ స్క్రోల్‌లోకి, అంటే కస్టమ్స్ చెల్లింపుల జాబితాలోకి, ఎక్కి నేరుగా ఖాతాలో పడుతుంది.

రోడ్‌టెప్ అలా పడదు. అది డబ్బు కాదు, క్రెడిట్. ఐస్‌గేట్‌లో లాగినై, క్రెడిట్ లెడ్జర్ తెరిచి, పోర్టు వారీగా షిప్పింగ్ బిల్లులు ఎంచుకుని స్క్రిప్, అంటే సుంకం కట్టడానికి వాడే క్రెడిట్ పత్రం, తయారు చేసుకోవాలి. ఆ స్క్రిప్‌తో దిగుమతుల మీద బేసిక్ కస్టమ్స్ డ్యూటీ మాత్రమే కట్టొచ్చు. మీకు దిగుమతులు లేకపోతే ఇంకో ఐఈసీదారుకి అమ్మేయాలి. ముఖవిలువ కన్నా కాస్త తక్కువకే పోతుంది. స్క్రిప్‌కి కాలపరిమితి ఉంది కాబట్టి రేటు పెరుగుతుందని దాచిపెట్టకండి.

ఐజీఎస్టీ రీఫండ్ ఆగితే ఐస్‌గేట్‌లో ఒక కోడ్ కనబడుతుంది. దాన్నిబట్టే మందు:

- ఎస్‌బీ000: అన్నీ సరిపోయాయి. అయినా డబ్బు రాకపోతే ఖాతా ధ్రువీకరణ చూడండి
- ఎస్‌బీ001: రిటర్నులో షిప్పింగ్ బిల్ నంబరో తేదీయో పోర్టు కోడో తప్పు. తర్వాతి జీఎస్‌టీఆర్-1 (అమ్మకాల రిటర్ను)లో 9ఏ పట్టికలో దిద్దండి
- ఎస్‌బీ002: ఈజీఎం పడలేదు. ఓడ ఏజెంటు వెంటపడాలి
- ఎస్‌బీ003: రెండుచోట్లా జీఎస్టీ నంబరు వేరు
- ఎస్‌బీ005: ఇన్వాయిస్ నంబరు కలవలేదు. ఎక్కువమంది పడేది ఇందులోనే. వాణిజ్య ఇన్వాయిస్‌కి ఒక నంబరు, జీఎస్టీ ఇన్వాయిస్‌కి ఇంకో నంబరు వేసుకోవడమే కారణం. రెండింటికీ ఒకే నంబరు పెట్టుకుంటే ఈ బాధే లేదు
- ఎస్‌బీ006: లోతట్టు డిపో నుంచి వెళ్ళిన సరుకుకి గేట్‌వే పోర్టులో ఈజీఎం లేదు

వీటితోపాటు జీఎస్‌టీఆర్-3బీ (పన్ను కట్టే రిటర్ను)లో 3.1(బీ) గడిని చూడండి. ఎగుమతి పన్నుని పొరపాటున మామూలు అమ్మకాల గడిలో చూపితే, జీఎస్‌టీఆర్-1 ఎంత సరిగా ఉన్నా రీఫండ్ కదలదు.

ఎల్‌యూటీ వాళ్ళ ఆర్‌ఎఫ్‌డీ-01కి గడువు రెండేళ్ళు. ఆఖరి నెలదాకా ఆగితే, అధికారి లోపపత్రం ఇచ్చినప్పుడు మళ్ళీ వేయడానికి రోజులు మిగలవు.

## 6. డబ్బు రాబట్టి బిల్లు మూయించండి

రాయితీ ఖాతాలో పడ్డాక కూడా అది పూర్తిగా మీది కాదు. కొనుగోలుదారు డబ్బు గడువులో రాకపోతే తీసుకున్న డ్రాబ్యాక్ తిరిగి కట్టాలి. ఆ గడువు చాలాకాలం 9 నెలలుగా ఉండేది. 2025 నవంబరులో రిజర్వు బ్యాంకు దాన్ని 15 నెలలు చేసింది.

డబ్బు రాగానే పర్పస్ కోడ్, అంటే అది ఎందుకొచ్చిందో చెప్పే కోడ్, చూడండి. ముందుగా వచ్చిన అడ్వాన్సుకి పీ0103, బిల్లు పంపాక వచ్చినదానికి పీ0102. బ్యాంకు ఇంకేదో కోడ్ వేస్తే ఆ డబ్బు ఎగుమతిదని లెక్కలో కనబడదు. తర్వాత డీజీఎఫ్‌టీ పోర్టల్లో, బ్యాంకు ఎక్కించిన రెమిటెన్స్ సమాచారాన్ని షిప్పింగ్ బిల్లుతో జోడించి ఈ-బీఆర్‌సీని, అంటే ఎగుమతి డబ్బు వచ్చిందన్న పత్రాన్ని, మీరే ధ్రువీకరించుకోవాలి. ఒకప్పుడు ఇది బ్యాంకు చేసే పని, ఇప్పుడు మీదే.

పది వేల డాలర్ల ఇన్వాయిస్‌కి 9,965 వచ్చాయనుకోండి. ఆ 35 డాలర్లు మధ్య బ్యాంకుల చార్జీలు. డబ్బు వచ్చేసిందని మీరనుకుంటారు. ఎగుమతి బిల్లుల్ని గమనించే రిజర్వు బ్యాంకు వ్యవస్థ ఈడీపీఎంఎస్‌లో మాత్రం ఆ బిల్లు 35 డాలర్ల బాకీతో తెరిచే ఉంటుంది. ఇలాంటివి పేరుకుపోతే కొత్త ఎగుమతులకి బ్యాంకు అడ్డుపడుతుంది. చార్జీల వివరంతో చిన్న లెటర్ ఇచ్చి అప్పటికప్పుడే మూయించండి. పది లక్షల రూపాయల లోపు బిల్లుల్ని మీ డిక్లరేషన్ మీదే మూసే వెసులుబాటు 2025లో వచ్చింది. బ్రాంచికి తెలియకపోతే మీరే గుర్తుచేయండి.

## 7. అప్పు, బీమా

ఆర్డరు చేతిలో ఉంటే సరుకు కొనడానికి ప్యాకింగ్ క్రెడిట్ అడగొచ్చు. దానికి వడ్డీ రాయితీ ఇచ్చిన ఇంటరెస్ట్ ఈక్వలైజేషన్ స్కీమ్ 2024 డిసెంబరు 31తో ముగిసింది. ఇంటర్నెట్‌లో పాత రేట్లు ఇంకా తిరుగుతూనే ఉన్నాయి, నమ్మకండి. 2025 నవంబరులో కేంద్ర మంత్రివర్గం 25,060 కోట్లతో ఎగుమతి ప్రోత్సాహక మిషన్‌ని ఆమోదించింది. రుణ సంబంధమైన సాయం అందులో నిర్యాత్ ప్రోత్సాహన్ కింద, ప్రదర్శనలు, ధ్రువపత్రాలు, ప్యాకింగ్ వంటివి నిర్యాత్ దిశ కింద వస్తాయి. బ్యాంకులో "నిర్యాత్ ప్రోత్సాహన్ కింద నా కోడ్‌కి వడ్డీ రాయితీ ఉందా?" అని పేరుపెట్టి అడగండి.

కొనుగోలుదారు డబ్బు ఎగ్గొడితే కాపాడేది ప్రభుత్వ ఎగుమతి బీమా సంస్థ ఈసీజీసీ. ఏడాదికి 5 కోట్ల లోపు టర్నోవర్ అంచనా ఉన్నవాళ్ళకి చిన్న ఎగుమతిదారుల పాలసీ ఉంది. కొనుగోలుదారు దివాలా తీయడం వంటి వాణిజ్య నష్టాల్లో 95 శాతం, యుద్ధం వంటి రాజకీయ కారణాల నష్టాల్లో 100 శాతం భరిస్తుంది.

ఇక్కడ పెద్ద అపోహ ఒకటుంది. ప్యాకింగ్ క్రెడిట్ మీద ఈసీజీసీ ప్రీమియం అని బ్యాంకు కోత వేస్తే, తమకి బీమా ఉందనుకుంటారు. అది బ్యాంకు అప్పుకి రక్షణ, మీ బిల్లుకి కాదు. మీ పాలసీ మీరు విడిగా తీసుకోవాల్సిందే.

తీసుకున్నాక చేయాల్సినవి:

- ఒక్కో కొనుగోలుదారుకి సరుకు పంపకముందే క్రెడిట్ లిమిట్ మంజూరు చేయించుకోవడం
- ఆ లిమిట్ దాటి అరువు ఇవ్వకపోవడం
- గడువు దాటిన బాకీని నెలనెలా ఈసీజీసీకి తెలపడం
- పాలసీ షరతులు చూసుకోకుండా కొనుగోలుదారుకి గడువు పొడిగించకపోవడం

"పాత కస్టమరే కదా" అని నోటిమాటగా పొడిగించి క్లెయిము పోగొట్టుకోవద్దు.

## 8. అందరికీ అక్కర్లేనివి

అడ్వాన్స్ ఆథరైజేషన్ కింద ముడిసరుకుని, ఈపీసీజీ కింద యంత్రాన్ని సుంకం లేకుండా తెచ్చుకోవచ్చు. ఈపీసీజీలో ఆదా అయిన సుంకానికి ఆరు రెట్ల ఎగుమతి ఆరేళ్ళలో చూపాలి. పది లక్షల సుంకం మిగిల్చుకుంటే అరవై లక్షల ఎగుమతి బాధ్యత నెత్తిన ఉన్నట్టు. తప్పితే సుంకం వడ్డీతో కట్టాలి. ఖాయమైన ఆర్డర్లు లేని మొదటి ఏడాదిలో దీని జోలికి వెళ్ళకపోవడమే మంచిది.

సుంకం తగ్గించే ఒప్పందమున్న దేశాలకి పంపేటప్పుడు, సరుకు మన దేశానిదేనని చెప్పే మూల ధ్రువపత్రం తీసుకోండి. యూఏఈతో ఒప్పందం 2022 మే 1 నుంచి, ఆస్ట్రేలియాతో 2022 డిసెంబరు 29 నుంచి అమల్లో ఉన్నాయి. దీనివల్ల సుంకం తగ్గేది కొనుగోలుదారుకి. అందుకే ధర మాట్లాడేటప్పుడే ఆ సంగతి బల్లమీద పెట్టండి.

## 9. క్యాలెండర్‌లో రాసుకోవాల్సినవి

- మార్చి 31లోపు: కొత్త ఆర్థిక సంవత్సరానికి ఎల్‌యూటీ
- ప్రతి నెలా: ఈడీపీఎంఎస్‌లో తెరిచి ఉన్న బిల్లుల జాబితా బ్యాంకు నుంచి తీసుకోవడం, ఐస్‌గేట్‌లో ఎస్‌బీ కోడ్‌లు చూసుకోవడం
- ఐదేళ్ళకోసారి: ఆర్‌సీఎంసీ రెన్యువల్
- ఏటా ఏప్రిల్ నుంచి జూన్ లోపు: ఐఈసీ వివరాల ధ్రువీకరణ. చిరునామా, బ్యాంకు ఏదీ మారకపోయినా లాగినై "అంతా సరే" అని నొక్కాల్సిందే. లేదంటే ఐఈసీ నిలిచిపోతుంది, ఆ విషయం జులైలో సరుకు పోర్టుకి చేరాకగానీ తెలియదు